కరెంటుకు ఎగిరిన కండ

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి చూసుకుని ముందుకు పోదాం. తొలకరి వానకు తడిసిన పంజగుట్ట రోడ్డు మీద అనుదీప్ బైకు జారింది. తల పగలలేదు, ఎముక విరగలేదు. కుడి భుజం మాత్రం నేలకు తగిలి, మెడ నుంచి చేతిలోకి దిగే నరాల్లో పైవి సాగి దెబ్బతిన్నాయి. నాటి నుంచి ఆ చేయి భుజం దగ్గర లేవదు, మోచేయి దగ్గర మడవదు. వేళ్లు మాత్రం ఎప్పటిలాగే ఆడుతున్నాయి. అమీర్‌పేటలో జావా పాఠాలు చెప్పి బతికే మనిషికి ఆ వేళ్లే మిగిలిన ఆస్తి. ఆ వేళ్లకు పోయే నరంలోంచే ఒక పాయ వేరుచేసి, పడిపోయిన జబ్బ కండకు అతుకుతామని శస్త్రవైద్యుడు చెప్పాడు. ఆలస్యమైతే అతికినా ఫలితముండదనీ అన్నాడు. అనుదీప్ తండ్రి పోచయ్య ఒప్పుకోలేదు. ఆయన మోటారు వైండింగ్ మేస్త్రీ. మూతపడ్డ ఒక క్లినిక్ నుంచి కరెంటు పెట్టె కొనితెచ్చి, బాగుచేసి, రోజూ సాయంత్రం తానే కొడుకు కండకు కరెంటు పెడుతున్నాడు. కండ ఎగురుతోంది. ఎగిరే కండకు కోత ఎందుకన్నది ఆయన ప్రశ్న. పంజగుట్టలో ఒక కంపెనీలో, అమెరికా డాక్టర్లు చెప్పే మాటలు చెవిలో వింటూ టైపు చేసే ఉద్యోగం అనుదీప్ భార్య సుకన్యది. ఇలాంటి చేతుల కథలు ఆమె చాలా టైపు చేసింది. ఆలస్యమైన వాటి ముగింపులూ టైపు చేసింది. పోయిన వారం ఆమె మధురానగర్‌లో విశ్రాంత జీవరసాయన శాస్త్రవేత్త హనుమత్ప్రసాద్ ఇంటికి వచ్చి ఒక్కటే అడిగింది: "కరెంటుతోని నరం రాదని మా మామకు చెప్పుండ్రి సార్. మీ మాట వింటడు." ఆయన సరేనన్నాడు. ఆ మాట ఇచ్చిన దగ్గర నుంచి ఆయనకు మనసు బాగాలేదు.

* * *

ఆదివారం సాయంత్రం హనుమత్ప్రసాద్ చెప్పులు వేసుకుంటుంటే ఆయన భార్య కమలకుమారి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటి, మళ్లీ ఎవరికో ఏదో లేదని చెప్పడానికేనా?"

"అవును."

"సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎలుకల మీద పడ్డారు. రిటైరయ్యాక బాబాల మీద పడ్డారు. ఇప్పుడు పోచయ్య మీదా? మన బోరు మోటారు ఎన్నిసార్లు బాగుచేసిచ్చాడో, పాపం."

"అందుకే నేను చెప్పాలి. ఇంకొకరు చెబితే వినడు."

"చెప్పండి. కానీ కూర్చుని చెప్పండి. మీరు నిలబడ్డారంటే ఉపన్యాసం అయిపోతుంది."

ఆయన నవ్వబోయి మానేశాడు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. 

మధురానగర్ దాటి అమీర్‌పేట వీధుల్లోకి రాగానే రద్దీ మొదలైంది. కరెంటు స్తంభాలకు, ప్రహరీలకు, మేడమెట్లకు, చివరికి హాస్టళ్ల కిటికీ ఊచలకు కూడా కంప్యూటర్ కోర్సుల బ్యానర్లే. ఉచిత డెమో తరగతులు ఎక్కువగా ఆదివారమే పెడతారు గనుక సెలవన్న మాట ఆ వీధికి తెలియదు. కరపత్రాలు పంచుతున్న ఒక యువకుడు అలవాటుగా ఆయన చేతిలో ఒకటి పెట్టి, తెల్లజుట్టు చూసి తడబడి, "మీ మనవడికి ఇయ్యండి అంకుల్" అన్నాడు. హనుమత్ప్రసాద్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లేదని చెప్పడంలోనే తన సగం జీవితం గడిచిందని ఆయనకు తెలుసు. గాలిలోంచి విభూతి రాదు, రాళ్లు జాతకం మార్చవు, పసరు పోస్తే కామెర్లు పోవు, వాటంతట అవి తగ్గుతాయి. ఆ మాటలు చెప్పేటప్పుడు ఎదురుగా ఒక మోసగాడు ఉండేవాడు. కోపం సులువుగా వచ్చేది. ఈరోజు ఎదురుగా మోసగాడు లేడు. దుకాణం తొందరగా మూసి కొడుకు పక్కన కూర్చునే తండ్రి ఉన్నాడు. ఆయన దగ్గర ఉన్నది దొంగ విభూతి కాదు, నిజంగా పనిచేసే ఒక యంత్రం. అదే చిక్కు.

పోచయ్య దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల గోడకు రాగితీగ చుట్టలు, మూలన విప్పి పెట్టిన మోటార్లు, అంతటా వార్నిష్ వాసన. దుకాణం వెనకనే ఇల్లు. హనుమత్ప్రసాద్ వంగి లోపలికి వెళ్లేసరికి అప్పటికే కరెంటు కార్యక్రమం మొదలైంది.

అనుదీప్ నవారు మంచం మీద చొక్కా లేకుండా కూర్చున్నాడు. కుడి జబ్బ ఎడమ జబ్బలో సగం లేదు. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజి ముక్కలు ఆ జబ్బకు రబ్బరు పట్టీలతో కట్టి ఉన్నాయి. పోచయ్య పీట మీద కూర్చుని పెట్టె మీద మీట తిప్పుతున్నాడు. పక్కింట్లో మెస్ నడిపే ఐలయ్య చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని చూస్తున్నాడు. అనుదీప్ తల్లి స్వరాజ్యం తలుపు దగ్గర నిలబడింది. సుకన్య లోపలి గదిలోంచి హనుమత్ప్రసాద్‌ను చూసి కళ్లతోనే నమస్కరించింది.

"రాండ్రి సార్, రాండ్రి. మంచి టైముకొచ్చిన్రు," అన్నాడు పోచయ్య. "జూడుండ్రి ఇగ."

మీట టక్కుమంది. పడుకున్న కండ మెల్లగా లేచి, ముడుచుకుని, మెల్లగా దిగింది.

"ఎగిరింది!" అన్నాడు ఐలయ్య. "నిన్నటి కంటె ఇయ్యాల మస్తు ఎగిరిందన్నా!"

"నువ్వు నోర్ముయ్, దిష్టి తాకుతది," అంది స్వరాజ్యం. తర్వాత హనుమత్ప్రసాద్ వైపు తిరిగి, "మోటర్లకు పెట్టినట్టె నా కొడుక్కు పెడ్తుండు సార్. పెండ్లైనప్పటి సంది గిదే మనిషి. ఇంట్ల ఏది ఖరాబైనా ముందు కరెంటు పెట్టి జూస్తడు. నాకొక్కదానికే పెట్టలే."

"నీకు పెడ్తే ఫ్యూజులు పోతయి," అన్నాడు పోచయ్య, మీట మీద నుంచి చూపు తిప్పకుండానే.

అందరూ నవ్వారు. అనుదీప్ కూడా నవ్వాడు. హనుమత్ప్రసాద్ మాత్రం ఆ కండనే చూస్తున్నాడు. రెండోసారి మీట పడింది. మళ్లీ అదే తీరు. వానపాము ముడుచుకున్నట్టు, సోమరిగా. తాను ప్రయోగశాలలో ఎన్ని ఎలుకల కాళ్లలో చూశాడో ఈ కదలికను! నరం కోసిన కాలిలో కండ ఇలాగే కదిలేది. ఆ కదలికను ఇంతమంది ఆనందంగా చూడడం మాత్రం ఆయన ఇదివరకెప్పుడూ చూడలేదు.

ఆయన పోచయ్య ఎదుట, నేల మీదనే, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అయ్యో, కుర్చీ ఉంది సార్."

"ఇక్కడే బాగుంది. పోచయ్య గారూ, మీతో ఒక మాట చెప్పడానికి వచ్చాను."

ఆ గొంతు విని ఐలయ్య గోడ వదిలాడు. "మెస్సుల పప్పు మాడుతది," అని ఎవరూ అడగకుండానే చెప్పి బయటికి పోయాడు.

పోచయ్య సుకన్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయనకు అర్థమైంది.

"మీరు సుత కోతనే అంటరా సార్?"

"ముందు మీరు చెప్పండి. ఈ కరెంటుతో నరం వస్తుందని ఎందుకు అనుకుంటున్నారు?"

"మీకు తెల్వంది కాదు సార్. మోటరు తిరుగుతలేదని ఎవరన్న తెస్తే నేనేం జేస్త? లైను, స్టార్టరు అన్ని పక్కకు పెట్టి డైరెక్టు సప్లై ఇస్త. తిరిగిందనుకో, మోటరు మంచిగున్నట్టు. తప్పు లైన్ల ఉన్నట్టు. మోటరు ఇప్పుడు తిరుగుతనే ఉన్నది గదా. డాక్టరేమో నడుస్తున్న మోటరుల తీగ గుంజి నడవనిదానికి పెడ్తడట! గట్ల పనిజేసినోణ్ణి నా దుకాణంల పెట్టుకుంటనా? తన్ని ఎల్లగొడ్త."

"మీ లెక్కలో సగం సరిగ్గా ఉంది. కండ ఇంకా చావలేదు. అది మీరు రుజువు చేశారు. మరి లైను లేని మోటారును చాలా నెలలు మూలన పడేస్తే ఏమవుతుంది?"

"ఏమైతది? దుమ్ము వడ్తది. బేరింగులు జామైతయి. జర నూనె ఏస్తే తిరుగుతది."

"లోపలి రాగి?"

"రాగి యాడికి పోతది సార్? దొంగలెత్తుకపోతే తప్ప."

"ఈ మోటారుకు దొంగ లోపలే ఉంటాడండీ," అన్నాడు హనుమత్ప్రసాద్.

పోచయ్య మీట మీద నుంచి చేయి తీశాడు.

హనుమత్ప్రసాద్ నెమ్మదిగా చెప్పాడు. తాను ఏళ్ల తరబడి చేసిన పని ఇదేనని ముందు చెప్పాడు. ఎలుక వెనక కాలి నరాన్ని తెంపి, ఆ కండలో ఏ ఎంజైము పెరిగింది, ఏది తరిగింది అని కొలవడం. ఎంజైము అంటే ఒక పని చేసిపెట్టే పదార్థమనీ, ప్రతి ఎంజైముకూ దాన్ని తయారుచేసే నమూనా జన్యువు రూపంలో కండలోనే ఉంటుందనీ అన్నాడు.

"మీ దుకాణంలో అన్ని రకాల మోటార్ల వైండింగ్ లెక్కలూ మీకు నోటికి తెలుసు. ఈరోజు ఏది చుట్టాలో మాత్రం వచ్చిన పనిని బట్టి చూసుకుంటారు. కండ కూడా అంతే. లెక్కలన్నీ దాని దగ్గరే ఉన్నాయి. ఏది చుట్టాలో చెప్పేది నరం. నరం తీగ మాత్రమే కాదు పోచయ్య గారూ, అది మేస్త్రీ కూడా. రోజూ వచ్చి పని చెప్పాలి."

"మేస్త్రీ రాకపోతే?"

"నరం చెప్పిన మాటను విన్న వెంటనే తుడిచేసే ఎంజైము ఒకటి ఉంటుంది, పలక మీద తడిగుడ్డలాగా. తుడవకపోతే రెండో మాట వినపడదు. నరం తెగిన కొద్ది రోజులకే ఆ తడిగుడ్డ తయారీ తగ్గిపోతుంది. రాసేవాడు లేని పలకకు తుడిచే గుడ్డెందుకు? దాని జన్యువు ఊరుకుంటుంది. ఇంకో జన్యువు మాత్రం మేలుకుంటుంది. నరం మాట వినే చెవులు కండకు మామూలుగా ఒక్కచోటే ఉంటాయి, నరం వచ్చి తాకే చోట. నరం పోయాక ఆ చెవులు కండపోగు పొడవునా మొలుస్తాయి."

"ఒళ్లంత చెవులా?" అంది స్వరాజ్యం.

"ఒళ్లంతా. ఎటువైపు నుంచైనా ఒక్క మాట వినిపిస్తుందేమోనని." ఆయన ఎన్నో సభల్లో చెప్పిన మాటే. ఈ గదిలో మాత్రం అది మరోలా వినిపించింది. "కొంతకాలం అలా వింటూనే ఉంటుంది. ఆ కాలంలో ఏ నరం వచ్చి తాకినా స్వీకరిస్తుంది, సొంతదైనా, అతికినదైనా. ఈలోగా ఇంకో రకం ఎంజైములు పెరుగుతాయి. కండను విప్పి ముక్కలు చేసేవి. పని లేని సైటులో కూలీలు ఇనుము పీకి అమ్ముకున్నట్టు. చివరికి కొవ్వూ, నారా మిగులుతాయి. అప్పుడు నరం వచ్చి తలుపు కొట్టినా లోపల ఎవరూ ఉండరు."

పోచయ్య పెట్టె మీద చేయి వేశాడు. తర్వాత మొండిగా అన్నాడు: "కరెంటుకు ఎగురుతుంది గద సార్."

"మీరే చూసి చెప్పండి. ఆ పట్టీలు విప్పి ఎడమ చేతికి కట్టండి. మీట అక్కడే ఉంచండి."

పోచయ్య కట్టాడు. మీట టక్కుమంది. ఎడమ కండ తేలు కుట్టినట్టు ఛెళ్లుమని ఎగిరి, అంతే వేగంగా దిగిపోయింది. అనుదీప్ ముంజేయి గాలిలోకి లేచి పడింది.

"ఇప్పుడు కుడిచేతికి."

కుడి కండ లేచింది. లేస్తూ ఉంది. దిగుతూ ఉంది.

పోచయ్య మళ్లీ ఎడమకు కట్టాడు. మళ్లీ కుడికి. ఆయన చేతులు పనిలో ఉన్నప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి, తొందర లేకుండా, ముఖం మాత్రం మారుతూ వచ్చింది. ఇన్నాళ్లూ కుడి చేతికి తప్ప ఎడమ చేతికి కరెంటు పెట్టాలని ఆయనకు తోచలేదు. మంచి మోటారును ఎవరు పరీక్షిస్తారు?

"కెపాసిటరు వీకైన మోటరు గిట్లనే లేస్తది," అన్నాడు చివరికి, ఎవరితోనూ కాదన్నట్టు. "ఆరు నెలల సంది రోజు జూస్తున్న. గిది జూడలే."

"మీరు కదులుతోందా లేదా అని చూశారు. ఎలా కదులుతోందని చూడలేదు. అందరూ అలాగే చూస్తారు."

"అంటే నేను పెట్టిందంత దండుగనేనా?"

అవునని చెబితే పని తొందరగా అయ్యేది. సుకన్య కోరింది అదే. కానీ అది పూర్తి నిజం కాదు. "దండుగని అనను. బయటి నుంచి కరెంటు పెడితే తగ్గిన ఎంజైముల్లో కొన్ని కొంతవరకు తిరిగి రావడం నేనే కొలిచాను. మీరు ఈ కండను కొంత మేలుకొలిపి ఉంచారేమో కూడా. అది మేస్త్రీ లేనప్పుడు పక్కింటివాడు వచ్చి పలకరించడం లాంటిది. మేస్త్రీని మాత్రం అది తీసుకురాదు."

"మరి వేళ్లు? వేళ్లు పోతే నా కొడుకు యేం జేసి బతకాలె?"

"వేళ్లకు పోయే ఆ నరంలో చాలా పాయలుంటాయి. ఒక్కోదాన్ని సన్నటి కరెంటుతో తాకి చూసి, మణికట్టును వంచే పాయను మాత్రం తీస్తారు. మణికట్టుకు వేరే ఆధారం ఉంటుంది. వేళ్లు మామూలుగానే ఆడతాయని వాళ్లంటారు. చేయించుకున్న వాళ్లలో ఎక్కువమందికి అలాగే జరిగింది. ఈ చేతి విషయంలో నేను హామీ ఇవ్వలేను. ఎవరూ ఇవ్వలేరు."

"రెండు దిక్కుల హామీ లేదన్నట్టు."

"లేదు. ఆగితే మాత్రం కండ ఆగదు."

అనుదీప్ కల్పించుకున్నాడు.

"సార్ చెప్పిందంతా నాకు తెలుసు నాయినా."

పోచయ్య తలెత్తాడు.

"నెట్ సెంటర్ల కూసొని ఎప్పుడో చదివిన. సుకన్య సుత చెప్పింది."

"తెలిసి నాకెందుకు చెప్పలేదురా?"

"ఎట్ల చెప్పాలె? దుకాణం జల్దీ బంద్ జేసి వస్తుంటివి. ఈ పెట్టె ముంగట కూసున్నంత సేపే నీ మొకం మంచిగ కనిపిస్తుండె." అనుదీప్ ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువును పెట్టినట్టు. "డెమో క్లాసుల ఈ చెయ్యి జేబుల పెట్టుకొని ఎడమ చేత్తోని బోర్డు మీద రాస్త. పోరగాళ్లు స్టైలనుకుంటున్నరు. టైపు జెయ్యాలంటే ఎత్తి బల్ల మీద పెట్టుకుంట. పెట్టినంక వేళ్లు ఆడ్తయి. వేళ్లు సుత పోతాయేమోనని నాకే భయమైంది. నువ్వు వద్దంటున్నవని, నీ పేరు మీద ఆగిన. అంతే."

స్వరాజ్యం కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

పోచయ్య లేచాడు. స్పాంజి ముక్కలు పిండాడు. పట్టీలు విప్పాడు. తీగలను మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టి, పని ముగిసిన మోటారు తీగలను కట్టినట్టే ముడివేసి, పెట్టె మీద పెట్టాడు. పెట్టెను చంకన పెట్టుకున్నాడు.

"ఆ డాక్టరు నంబరు ఏదిరా?"

అనుదీప్ చెప్పాడు. పోచయ్య షట్టరు కింద నుంచి వంగి, సందు చివర ఉన్న ఫోన్ బూత్ వైపు నడిచాడు.

* * *

పని అయిపోయింది. అనుకున్నదానికంటే తేలిగ్గానే అయిపోయింది. హనుమత్ప్రసాద్‌కు మాత్రం గెలిచినట్టు లేదు. ఎండలో చాలా దూరం నడిచివచ్చినట్టు ఉంది. సుకన్య ఇచ్చిన చాయ్ అందుకుని మంచం అంచున కూర్చున్నాడు.

"మీకు ఎట్ల థాంక్స్ చెప్పాలో తెలుస్తలేదు సార్," అంది ఆమె.

"చెప్పకమ్మా. ఇందులో థాంక్స్ చెప్పాల్సింది ఏమీ లేదు."

అనుదీప్ చొక్కా కోసం ఎడమ చేయి చాచాడు. బయలుదేరేముందు ఆ కండను ఒకసారి ముట్టుకుని చూడాలనిపించింది హనుమత్ప్రసాద్‌కు. ఎంత మిగిలిందో, ఎంత మెత్తబడిందో తెలుసుకోవాలన్న పాత అలవాటు. "ఒక్క నిమిషం" అని, చేతిని దిండు మీద పెట్టించి, కండ మధ్యలో రెండు వేళ్లు ఆనించాడు. ఇంకా కొంత ఉంది.

"చేయి మడవాలని ప్రయత్నించు."

"మడవదు సార్."

"తెలుసు. ప్రయత్నం చెయ్యి చాలు."

అనుదీప్ దవడ బిగించాడు. చేయి కదలలేదు. కానీ హనుమత్ప్రసాద్ వేళ్ల కింద, కండ లోతున, ఏదో చిటుక్కుమంది.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

నాడి అయ్యుంటుంది. వేళ్లను లోపలి అంచు నుంచి, రక్తనాళానికి దూరంగా, ముందుకు జరిపాడు. "మళ్లీ." చిటుక్కు. "ఆపు." ఆగింది. ముంజేతి కండల కదలిక ఇక్కడికి తెలుస్తోందేమో. "వేళ్లు ముడిచి తెరువు." ఇక్కడ ఏమీ తెలియలేదు. "మడువు." చిటుక్కు. కరెంటుకు ఎగిరినట్టు సోమరిగా కాదు. చిన్నగా, వెంటనే.

"ఏమైంది సార్?" అంది సుకన్య.

ఆయన తన వేళ్లను తానే నమ్మడం లేదు. ఉండాలని కోరుకునే మనసు లేనిదాన్ని కూడా చూపిస్తుందని ఇంతసేపూ ఒక తండ్రికి చెప్పి, ఇప్పుడు తాను అదే చేస్తున్నాడేమో.

"అమ్మా, నువ్విలా ఆ పక్కన కూర్చో. అనుదీప్, నీ ఎడమ చేయి ఆమె చేతిలో పెట్టు. నీ ఇష్టం వచ్చినప్పుడు ఆమె అరచేయి నొక్కి, అప్పుడే కుడి చేయి మడవడానికి ప్రయత్నించు. కొన్నిసార్లు ఊరికే ఉండు. నేను కళ్లు మూసుకుంటాను. నాకు తెలిసినప్పుడల్లా 'ఇప్పుడు' అంటాను. అమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో నువ్వు చూడాలి. నాకు సాయం చేయొద్దు. తప్పైతే తప్పనే చెప్పు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. వీధిలో ఎవరో డాట్‌నెట్ బ్యాచ్ గురించి మైకులో అరుస్తున్నారు. మెస్సులోంచి తాలింపు వాసన వస్తోంది.

"ఇప్పుడు," అన్నాడు.

చాలాసేపు ఏమీ లేదు.

"ఇప్పుడు... ఇప్పుడు."

మళ్లీ నిశ్శబ్దం.

"ఇప్పుడు."

కళ్లు తెరిచాడు. సుకన్య ముఖం తెల్లబోయి ఉంది.

"చెప్పమ్మా."

"ఒక్కటి సుత తప్పలే సార్."

ముగ్గురూ ఆ చేతిని చూస్తూ ఉండిపోయారు. పైకి అది ఎప్పటిలాగే చలనం లేకుండా దిండు మీద పడి ఉంది.

హనుమత్ప్రసాద్ మెల్లగా చెప్పాడు. సూది గుచ్చి కండలో నరం జాడ వెతికే పరీక్ష చాలా కాలం కిందట చేశారు. అప్పుడు ఏమీ లేదు. మళ్లీ చేయలేదు. ఈలోగా సొంత నరమే కొన్ని పోగులకు చేరి ఉండవచ్చు. అదే నిజమై, ఇంకా వస్తూ ఉంటే, ఆపరేషన్‌లో ఆ నరాన్ని కోసి కొత్త పాయ అతకడమంటే, వస్తున్న మేస్త్రీని గుమ్మంలోనే ఆపడం. వచ్చింది ఈ నాలుగు పోగులే అయితే, ఇక రాకపోతే, దీన్ని నమ్మి ఆగితే మిగిలిన కండ పోతుంది. మళ్లీ సూది గుచ్చి చూసినా, నరం ఇంకా వస్తోందో లేదో కొన్ని నెలలు ఆగితే గానీ తేలదు.

"ఏది నిజం సార్?" అన్నాడు అనుదీప్.

"తెలియదు."

ఆ మాట అనడానికి ఆయనకు ఇంత కష్టం ఎప్పుడూ కాలేదు.

"నాయినకు చెప్పకుండ్రి సార్." అనుదీప్ గొంతు బాగా తగ్గింది. "ఇది వింటే దవాఖానకు రానే రాడు. పెట్టె మళ్ల తెరుస్తడు. ఐలయ్యన్న మళ్ల వస్తడు. ఎగిరింది, ఎగిరింది అంటరు. నాకు ఇగ ఓపిక లేదు సార్. కోస్తె కోయనియ్యుండ్రి."

"ఏం మాట్లాడుతున్నవ్?" అంది సుకన్య. ఆపరేషన్ కోసం అందరికంటే ఎక్కువ పోరాడింది ఆమే. ఇప్పుడు భర్త అరచేతిని వదలడం లేదు. "నీ నరమే వస్తుందంటుంటే కోయించుకుంటవా?"

"వస్తుందని ఎవరన్నరు? సారే తెల్వదంటుండు."

షట్టరు గరగరలాడింది. పోచయ్య వంగి లోపలికి వచ్చాడు. చంకలో పెట్టె లేదు. ముఖంలో ఇన్ని నెలలుగా లేని తేట ఉంది, పెద్ద మూట దించుకున్న మనిషి ముఖం.

"బెడ్డు దొరికింది బిడ్డా," అన్నాడు సుకన్యతో. "ఎవరిదో కాన్సిలైందట. రేపు పొద్దుగాలనే జాయిన్ కమ్మన్నరు. రాకపోతే మళ్ల ఎప్పుడిస్తరో తెల్వదన్నరు. వస్తున్నమని చెప్పేసిన." తర్వాత హనుమత్ప్రసాద్ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "పెట్టె ఐలయ్యకిచ్చేసిన సార్, పాత సామాన్ల ఎయ్యమని. మీరు చెప్పకపోతే నాకు సమజ్ కాకపోవు. ఇగ ఏ ఫికరు లేదు. మీరు ఎట్లంటే అట్లనే."

సుకన్య భర్త వైపు చూసింది.

పోచయ్య చేతులు అలాగే జోడించి ఉన్నాయి. ఆయన కొడుకును చూశాడు, కోడలిని చూశాడు, దిండు మీది చేతిని, దాని మీద ఇంకా అలాగే ఉన్న ఆ ముసలి వేళ్లను చూశాడు.

"ఏంది సార్, గట్ల జూస్తున్రు?"

అనుదీప్ తన తండ్రి ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. హనుమత్ప్రసాద్ వేళ్ల కింద ఆ కండ మరొకసారి కదిలింది.